లాభం, రెండు, మూడు

ఉదయం ఆరు గంటలకు విమానాశ్రయం ముందు ఆటో దిగేసరికి నూకల కామేశం చేతిలో ఉన్నవి ఇవి: పదకొండు నలభైకి బయలుదేరే విమానానికి టిక్కెట్టు, ఒక వెండి గిన్నె, అందులో వెండి చెంచా, వాళ్ళావిడ అరిటాకులో కట్టి ఇచ్చిన నాలుగు ఇడ్లీలు, గుడ్డసంచిలో నాలుగు సోలల కొత్త బియ్యం, అయిదు గంటల నలభై నిమిషాల వ్యవధి. అన్నిటిలోకీ ఆఖరిదే ఎక్కువగా ఉందనుకున్నాడు. కొట్టులో ఏ సరుకు ఎక్కువగా ఉంటే దాని మీదే చూపు తగ్గుతుందని ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో తెలిసిన మనిషే. ఆ పూట మాత్రం గుర్తు రాలేదు.

కామేశానికి మండపేటలో బియ్యం కొట్టు ఉంది. సంచిలోని బియ్యం గుమాస్తా చేత కొలిపించలేదు. తనే చాటలో పోసి, మట్టిగడ్డ ఒక్కటి కూడా లేకుండా ఏరి, సోలతో కొలిచాడు. కొలుస్తూ పైకి అన్నాడు: "లాభం, రెండు, మూడు, నాలుగు." ధాన్యం కొలిచేచోట మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అని కూడా అనరు. ఆ మాటలో ఏడుపు వినిపిస్తుంది కనుక ఆరున్నొకటి అంటారు. కామేశం తాత అలాగే కొలిచాడు, తండ్రీ అలాగే కొలిచాడు. కామేశానికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మేడమెట్లు ఎక్కుతున్నా లాభం నుంచే మొదలు. ఒకసారి కుక్క కరిచి ఆస్పత్రికి పోతే, "ఇది ఎన్నో ఇంజక్షను?" అని డాక్టరు అడిగాడు. "లాభం" అన్నాడు కామేశం.

ఈ నాలుగు సోలలూ అమ్మకానికి కాదు. కామేశం చెల్లెలు సత్యవాణి ఇండోరులో కాపురం ఉంటోంది. పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మర్నాడు ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు ఆ పిల్లకు అన్నప్రాశన. పుట్టింటి బియ్యంతో, మేనమామ చేత్తో మొదటి ముద్ద పెట్టించాలని సత్యవాణి కోరిక. బారసాలకు కామేశం వెళ్ళలేదు. దాళ్వా పంట దిగుతోంది, కొట్టు వదిలి రాలేనన్నాడు. అప్పుడు చెల్లెలు ఫోనులో ఏడ్చింది. ఈసారి ఏడవలేదు.

"నువ్వొస్తేనే ముద్ద పెడతానన్నయ్యా. రాకపోతే అది పాల మీదే ఉంటుంది. ఎన్నాళ్ళయినా సరే" అంది.

మెల్లిగా అంది కనుక అన్నంత పనీ చేస్తుందని కామేశానికి తెలుసు. ఈ విమానం తప్పితే మళ్ళీ రెండు రోజుల దాకా లేదు. రైలుకి ఒకటిన్నర రోజు.

ప్రభుత్వం మూతపడి అప్పటికి ముప్ఫై ఆరు రోజులు. పెద్దసభలో రెండు పక్షాలూ పద్దు మీద మాట కలపలేదు. పద్దు పాసవలేదు కనుక ఖజానాకు తాళం పడింది. ఆ సంగతి కామేశం పేపర్లో చదివాడు గానీ పెద్దగా పట్టించుకోలేదు. వ్యాపారి కొట్టు మూశానని అనడు, కట్టేశానంటాడు. కట్టేసి, తాళం వేసి, ఇంటికి పోయి భోంచేస్తాడు. ప్రభుత్వం కూడా అలాగే చేసి ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే అది తాళం వేసుకుని మనుషుల్ని లోపలే ఉంచుకుంది. అత్యవసర సిబ్బంది రోజూ పనికి రావాలట. జీతం మాత్రం రాదట.

గేటు పక్కన బోర్డు పెట్టారు: "ప్రభుత్వము మూసివేయబడినది. ప్రయాణికులు వరుసలో నిలువవలెను."

వరుస విమానాశ్రయం తలుపు దగ్గర మొదలై, కార్లు ఆపే స్థలం చుట్టూ తిరిగి, కొబ్బరిబొండాల బండి దాటి, హైవే మీదికి వచ్చేసింది. దాని తోక దగ్గర తెల్ల లాల్చీ వేసుకున్న ఒక భారీ మనిషి తువ్వాలుతో విసురుకుంటున్నాడు.

"ఏవండీ, ఇది విమానం వరుసేనా?" అని అడిగాడు కామేశం.

"ఆయ్, వరుస అయితే విమానందేనండి. విమానం మనదవునో కాదో చెప్పలేను" అన్నాడాయన. "అయిదింటికి వచ్చాను. నా వెనకాల పాతికమంది దాకా నించున్నారు. విసిగిపోయి అందరూ బస్సెక్కేశారు. అందాకా ఆ బొండాల బండి నా ఎదురుగా ఉండేది. ఇప్పుడది ముందుకెళ్ళింది, నేనిక్కడే ఉన్నాను."

ఆయన పేరు వేగేశ్న రామరాజు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఇండోరులో మేత మిషను ఒకటి చూసి రావడానికి బయలుదేరాడు. రెండు గంటలు గడిచేసరికి కామేశం ఆయనకు రెండు ఇడ్లీలు ఇచ్చాడు. మూడో గంటకు ఇద్దరూ ఒకరి ఊరి నీళ్ళను ఒకరు ఎగతాళి చేసుకునేదాకా వచ్చారు. తొమ్మిదిన్నరకు బయటి తలుపు దాటి లోపల తనిఖీ హాలు తలుపు దగ్గరికి చేరారు.

హాలులో తనిఖీ దారులు ఏడున్నాయి. ఆరు దారులకు తాడు కట్టేశారు. మిగిలిన దారి ముందు స్కానింగు మిషను, దాని దగ్గర ఒక లేడీ కానిస్టేబులు. వెనక గోడ వెంబడి మరో ఆరుగురు కానిస్టేబుళ్ళు అటెన్షనులో నిలబడి ఉన్నారు. గోడ గడియారానికి తెల్లగుడ్డ కట్టేసి ఉంది.

"గడియారానికి గుడ్డెందుకమ్మా?" అని అడిగాడు కామేశం.

ఆమె ఛాతీ మీద మేరీ సుగుణ అని పేరుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది లెక్కపెడతా ఉంటుంది కదండీ."

కామేశానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికా అన్నట్టు భద్రతా పర్యవేక్షణాధికారి ఫణిభూషణం ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ మడత నలగని చొక్కా. మైకు పనిచేయడం లేదు, అయినా దాన్ని నోటి దగ్గర పెట్టుకునే చదివాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పద్దు ఆమోదము పొందనందున, లెక్కించుట అనునది పద్దు సంబంధమైన క్రియ అయినందున, మూసివేత కాలమందు ప్రభుత్వోద్యోగి ఎవరును దేనినీ లెక్కింపరాదని పై ఉత్తర్వు."

"ఎన్నో నంబరు ఉత్తర్వండీ?" అన్నాడు రామరాజు.

"నంబరు వేయుట కూడా లెక్కించుటయే. కావున వేయలేదు."

అసలు చిక్కు అక్కడుంది. తనిఖీ హాల్లోకి ఒక విడతకు ఇరవై ఐదు మందిని మించి పంపకూడదని పాత నిబంధన. ఆ ఇరవై ఐదు మందినీ లెక్కపెట్టకూడదని కొత్త ఉత్తర్వు. రెండూ అమలులో ఉన్నాయి. అందుచేత ఫణిభూషణం హాలు కేసి చూస్తూ నిలబడతాడు. ఇరవై ఐదు మంది అయ్యారని ఆయనకు తోచినప్పుడు తలుపు వేయిస్తాడు.

"నిన్న పదకొండు మందికే తోచిందండి. మొన్న నలుగురికి" అని సుగుణ కామేశం చెవిలో వేసింది.

"మీకు జీతాలు రాక ఎన్నాళ్ళయిందమ్మా?"

"చెప్పకూడదండి. లెక్కయిపోతుంది."

కామేశం తన చేతి గడియారం చూసుకున్నాడు. రెండు గంటలు మిగిలాయి. ముందు జనం, వెనక జనం, మధ్యలో మిషను ఖాళీగా తిరుగుతోంది. లారీ ఉంది, కూలీలున్నారు, సరుకు గుమ్మంలో ఉంది; బస్తాలు లెక్కపెట్టి చీటీ రాసేవాడు లేక అంతా ఆగిపోయినట్టుంది. అలాంటి చోటు చూస్తే అతనికి చేతులు ఊరుకోవు. తాడు ఎత్తి ముందుకు వచ్చాడు.

"అయ్యా, నేను ప్రభుత్వోద్యోగిని కాదండి. బియ్యం వ్యాపారిని. మీరు లెక్కపెట్టకూడదు గానీ నేను పెట్టొచ్చు కదండీ?"

ఫణిభూషణం కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ప్రజలు లెక్కపెట్టరాదని ఎక్కడా లేదు.

"ప్రజా భాగస్వామ్యము" అన్నాడు మెల్లిగా, ఆ మాట తనే కనిపెట్టినట్టు. "ఇప్పటినుండి మీరు స్వచ్ఛంద గణకులు. మీరు పలికినది పలికినట్లు మా రికార్డు సహాయకుడు నమోదు చేయును. అతడు లెక్కించడు, వ్రాయును."

రికార్డు సహాయకుడు సన్యాసిరావు బొబ్బిలి మనిషి. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో రిజిస్టరు తెరిచి, పెన్నుకి ఊదాడు. "తమరేటంటే అదే రాస్తానండి. అచ్చరం అటూ ఇటూ అవ్వదు."

కామేశం తలుపు పక్కన నిలబడ్డాడు. మొదట రామరాజు. కామేశం ఆయన భుజం తట్టి లోపలికి తోశాడు. నోరు దాని దారిన అది పోయింది.

"లాభం."

సన్యాసిరావు రాశాడు.

"రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది."

గొంతులో కొట్టు పలికింది. జనం కదిలారు. పదిహేడుకి ఆ పట్టింపు లేదు కనుక పదిహేడనే అన్నాడు. ఇరవై ఐదు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ హాల్లోకి సరిగ్గా ఇరవై ఐదు మంది వెళ్ళారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఫణిభూషణం రిజిస్టరు తెప్పించుకున్నాడు. లెక్కపెట్టడం నిషేధం గానీ చదవడం నిషేధం కాదు. వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. తలుపు వేయించాడు.

"ఒకటి ఎక్కడ?" అన్నాడు.

"ఏం ఒకటండీ?" అన్నాడు కామేశం.

"ఒకటవ ప్రయాణికుడు. ఇందులో రెండు ఉన్నది, మూడు ఉన్నది. ఒకటి లేదు. లోనికి వచ్చి అదృశ్యమయినాడు. మరియు ఏడు లేదు. దాని స్థానమున ఆరున్నొకటి ఉన్నది. ఆరుగురు లోనికి వచ్చిన పిమ్మట అదే ఆరుగురు మరల వచ్చి, వెంట మరొకరిని తెచ్చినారు. అనగా ఈ హాలులో ఆరుగురు అదనముగా ఉన్నారు. వారు కనబడుటలేదు."

"అయ్యయ్యో, అది మా లెక్కండి. ధాన్యం దగ్గర ఒకటి అనమండి, లాభం అంటాం. ఏడు అంటే ఏడుపు తగుల్తుందని..."

"అన్నింటికంటే తీవ్రమైనది అదియే" అని ఫణిభూషణం రిజిస్టరు మొదటి గడి మీద వేలు పెట్టాడు. "లాభము. ఖజానా మూసి ఉన్నపుడు ఏ శాఖయు లాభము పొందరాదు. పొందినచో అట్టి లాభమును తక్షణము స్వాధీనపరచుకొనవలెను. లాభము ఎవరు?"

రామరాజు చెయ్యెత్తాడు. "నేనేననుకుంటానండి. మా ఆవిడ ముప్ఫై ఏళ్ళ నుంచి నన్ను దండగమారి మనిషంటోంది. ఈ ముక్క కాస్త రాసి, సంతకం పెట్టి ఇప్పిస్తారా?"

రాసి ఇచ్చారు గానీ ఆయన కోరినట్టు కాదు. స్వాధీనం చేసుకున్న కత్తెరలు, గోళ్ళు తీసుకునేవి, అగ్గిపెట్టెలు వేసే పెట్టె పక్కన కుర్చీ వేసి రామరాజును కూర్చోబెట్టారు. "స్వాధీనపరచుకొనబడిన లాభము" అని చీటీ రాసి లాల్చీ జేబుకి గుచ్చారు. హాలులో కుర్చీల కిందా, చెత్తబుట్టల వెనకా కనబడని ఆరుగురి కోసం వెతుకులాట మొదలయింది. ఏడో మనిషిగా లోపలికి వచ్చిన పళ్ళ డాక్టరమ్మను పిలిచి, ఆమె వెంట ఎవరెవరొచ్చారని అడిగారు.

"నేను ముప్ఫై రెండు దాకా లెక్కపెడతానండి. నా వెంట ఆరుగురుంటే నాకు తెలియదా?" అందామె.

పది గంటల ఇరవై నిమిషాలు. మిషను ఆపేశారు. ఒకటో మనిషి దొరికేదాకా, ఆరుగురు తేలేదాకా ఎవరూ కదలరాదని ఫణిభూషణం ప్రకటించాడు. కామేశం ఓ పక్కన నిలబడి సంచి తాడు వేలికి చుట్టుకుంటున్నాడు. ఇండోరులో ఈపాటికి చెల్లెలు పరమాన్నానికి బెల్లం తురిమి ఉంచుకుని ఉంటుంది. బియ్యం పెట్టుకోదు. బియ్యం అన్నయ్య తెస్తాడు.

పదీ ఇరవై ఆరుకి కామేశం గొంతు సవరించుకున్నాడు. లెక్క సరైనదని ఎంత చెప్పినా ఈ మనిషి ఒప్పుకోడు. ఒప్పుకోని గిరాకీతో వాదం పెట్టుకోకూడదు, అతనికి కావలసిన సరుకే తూచి ఇవ్వాలి.

"అయ్యా, ఆ ఒకటి నేనేనండి."

"మీరా? ఇంతవరకు ఏల చెప్పలేదు?"

"లెక్కపెట్టేవాడు తనని లెక్కేసుకోడు కదండీ. రిజిస్టరులో నేను లేను. లేనివాడు ఒకడున్నాడు, లేని నంబరు ఒకటుంది."

ఫణిభూషణం రిజిస్టరు సన్యాసిరావు ఒళ్ళో పెట్టాడు. "రాయి, సన్యాసిరావ్. ఒకటవ ప్రయాణికుడు లభ్యమయినాడు."

"చిత్తమండి. మరి ఒకటోవోరు కదండీ, వరసలో ముందు నిలబెట్టాల" అన్నాడు సన్యాసిరావు. కామేశం కాదనలేదు. ఇరవై ఐదు మంది వెనక నిలబడవలసినవాడు ఆ విధంగా అందరికన్నా ముందుకు వచ్చాడు.

"ఇంక ఆరుగురు ఎక్కువయ్యారు కదండీ. ఆరుగురు బయటికి పోతే సరి" అన్నాడు.

"ఎవరు పోవుదురు? ప్రయాణికులు సమ్మతింపరు."

కామేశం గోడ కేసి చూశాడు. ఆరుగురు కానిస్టేబుళ్ళు అటెన్షనులోనే ఉన్నారు. అందులో ఒకతని బూటు పక్కన విచ్చుకుంది. ఇంకొకతను నిలబడే నిద్రపోతున్నాడు.

"వీళ్ళకి ఇవాళ హాజరు పడిందాండీ?"

"పడినది. అత్యవసర సిబ్బంది హాజరగుట తప్పనిసరి."

"పడ్డాక ఉన్నారో లేరో మీరు లెక్కపెట్టకూడదు కదండీ?"

ఫణిభూషణం జేబులోంచి ఉత్తర్వు తీసి చదివాడు. పెదవులు కదిలాయి. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"లెక్కింపరాదు" అని ఒప్పుకున్నాడు.

ఆరుగురూ వరుసగా తలుపు దాటారు. నిద్రపోతున్నతన్ని పక్కవాడు మోచేత్తో లేపి, "పద, పద, మళ్ళీ చదువుతాడు" అన్నాడు. రోడ్డు మీదికి పోయాక ఒక్కరూ వెనక్కి చూడలేదు. కామేశం జాగ్రత్తగా, మొదలు ఎత్తుకోకుండా, "ఆరు" అని మాత్రం చెప్పాడు. సన్యాసిరావు రాశాడు. ఏడో కానిస్టేబులు సుగుణ మాత్రం మిషను దగ్గరే ఉండిపోయింది. వాళ్ళు పోయిన తలుపు కేసి చూసి మిషను మీట నొక్కింది.

"ఇంక లాభమొక్కటే మిగిలింది" అన్నాడు కామేశం. "నష్టంలో సర్దేస్తే పోతుంది కదండీ. మీ శాఖకి నష్టమేమైనా ఉందాండీ?"

ఫణిభూషణం మొహంలో మొదటిసారిగా ఒక వెలుగు కనిపించింది. "మా శాఖ స్థాపింపబడిన నాటినుండి నష్టములోనే ఉన్నది."

"అయితే ఈయన్ని అందులో వేసేయండి."

రిజిస్టరులో లాభం మీద అడ్డంగా గీత గీసి "నష్టమునందు సర్దుబాటు చేసి కొట్టివేయబడినది" అని రాశారు. రామరాజు కుర్చీలోంచి లేచాడు. జేబుకి గుచ్చిన చీటీ మాత్రం ఇవ్వనన్నాడు, ఇంట్లో పని ఉందన్నాడు.

పది నలభై ఎనిమిది. కామేశం ఒకటో మనిషిగా మిషను ముందుకు వచ్చి గిన్నె, చెంచా, సంచి బల్ల మీద పెట్టాడు. గిన్నె ఒకటి, చెంచా ఒకటి. అవి మిషను దాటి పోయాయి. ఫణిభూషణం సంచి నొక్కి చూశాడు.

"ఇందులో ఏమున్నవి?"

"బియ్యమండి."

"ఎన్ని?"

"నాలుగు సోలలండి."

"సోల అనునది కొలత. నేను అడిగినది సంఖ్య. లెక్కకు రాని వస్తువు లోనికి పోరాదని పాత నిబంధన. పూర్వము మా సిబ్బంది చూసి, సుమారుగా లెక్కించి పంపెడివారు. ఇపుడు లెక్కింపరాదు."

"బియ్యం ఎవరన్నా గింజలు లెక్కపెడతారాండీ?"

"ప్రభుత్వము లెక్కపెట్టదు. మీరు లెక్కపెట్టెదరు. మీరు స్వచ్ఛంద గణకులు." ఆయన మాటలో కోపం లేదు, గౌరవమే ఉంది. "లెక్కకు వచ్చినంతవరకు మీ వెంట పోవును. ఒక షరతు. ఈసారి ఒకటితో ప్రారంభింపవలెను. లాభము అన్నచో సంచి మొత్తము స్వాధీనము."

"నేనూ ఓ చెయ్యి వేస్తానండి" అని రామరాజు ముందుకొచ్చాడు.

"మీరు కొట్టివేయబడిన పద్దు. కొట్టివేయబడిన పద్దు మరొక దానిని లెక్కింపజాలదు."

సుగుణ ఒక ప్లాస్టిక్ ట్రే తెచ్చి పెట్టింది. కామేశం బియ్యం అందులో పోశాడు. గుప్పెడు తీసి బల్ల మీద పరిచి, చూపుడువేలితో మొదటి గింజను పక్కకు లాగాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ధాన్యం ముందు నిలబడి ఒకటి అనే మాట అనలేదు. పైగా ఇది చంటిపిల్ల మొదటి ముద్దకు పోయే బియ్యం. తండ్రి బతికి ఉంటే సోల పట్టుకుని వెంటపడేవాడు. ఆ మాట అంటే బియ్యానికి మంచిది కాదు. అనకపోతే బియ్యమే లేదు. గడియారం చూసుకున్నాడు, పదీ యాభై మూడు.

"ఒకటి" అన్నాడు.

ఏమీ కాలేదు. కప్పు కూలలేదు. సన్యాసిరావు రాసుకున్నాడు. "రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు." అక్కడ ఆగాడు. సుగుణ అతని కేసే చూస్తోంది.

"ఏడు" అన్నాడు, ఆమె వినకూడదన్నట్టు మెల్లిగా.

ఆ తర్వాత వేగం వచ్చింది. వేలు గింజల మీద పరుగెత్తింది. వెనక నిలబడ్డ ఇరవై నాలుగు మందీ మెడలు చాచి చూశారు, పళ్ళ డాక్టరమ్మ పెదవులు అతనితో పాటే కదిలాయి. నూట ఇరవై దగ్గర వేలు జారి రెండు గింజలు కలిసిపోతే ఫణిభూషణం చివరి పది గింజలు మళ్ళీ లెక్కపెట్టించాడు. రెండువందల నలభై దగ్గరికి వచ్చేసరికి గాజుతలుపు అవతల విమానం కంపెనీ పిల్ల మైకులో ఆఖరి పిలుపు పిలిచింది. వాళ్ళది ప్రైవేటు కనుక వాళ్ళ మైకు పనిచేసింది.

కామేశం ఆ రెండువందల నలభై గింజలూ జేబురుమాలులో కట్టి ముడివేశాడు. ట్రేలో మిగిలినది చూశాడు. తగ్గినట్టే లేదు.

"వీటి మాటేమిటండీ?"

"లెక్కకు రానివి లేనట్లే పరిగణింపబడును."

"లేనివి ఎవరు పట్టుకుపోయినా మీకు అభ్యంతరం లేదు కదండీ?"

ఫణిభూషణం ఉత్తర్వు కోసం జేబులో చెయ్యి పెట్టాడు, పెట్టి మానుకున్నాడు. "లేనిదానిపై అభ్యంతరము తెలుపుటకు నాకు అధికారము లేదు."

కామేశం బియ్యం మళ్ళీ సంచిలో పోసి, తాడు బిగించి సుగుణ చేతిలో పెట్టాడు. "లేని బియ్యమమ్మా. డ్యూటీ దిగాక ఇంటికి పట్టుకుపో. కొత్తవి సుమా, నీళ్ళు తక్కువ పొయ్యి, లేకపోతే జావయిపోతుంది."

ఆమె సంచి బరువు చేత్తో చూసింది. "ఎన్ని పూటలొస్తాయోనండి" అని, వెంటనే నాలిక కరుచుకుని ఫణిభూషణం కేసి చూసింది. ఆయన గుడ్డ కట్టిన గడియారం కేసి చూస్తున్నాడు.

కామేశం, రామరాజు పరుగెత్తి విమానం ఎక్కారు. కిటికీ సీటు ఎవరిదని తగువు పడి, ఆఖరికి కొట్టివేయబడిన పద్దుకి కిటికీ ఎందుకని కామేశమే కూర్చున్నాడు.

మర్నాడు ఇండోరులో పది గంటల పన్నెండు నిమిషాలకు పీటల మీద పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండువందల నలభై గింజలు ఉడికితే వెండి గిన్నె అడుగు కప్పుకుంది, అంతే. పాలు, బెల్లం కలిస్తే పెద్ద చెంచాడు పరమాన్నమయింది. సత్యవాణి దాని కేసి చూసింది, అన్నయ్య కేసి చూసింది.

"నాలుగు సోలలు తెస్తున్నానన్నావు?"

"తెచ్చాను. దారిలో లెక్క కుదిరింది ఇంతే."

కామేశం చెంచా కొసతో నాలుగు మెతుకులు తీసి పిల్ల నోట్లో పెట్టాడు. పిల్ల మొహం చిట్లించింది, రెండు మెతుకులు ఉమ్మేసింది, మిగతావి మింగి మళ్ళీ నోరు తెరిచింది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సత్యవాణి అత్తగారు రుక్మాయమ్మ పక్కన కూర్చుని అక్షింతలు వేస్తూ నిట్టూర్చింది. "పదకొండేళ్ళకి ఒకటి. ఎంతైనా ఒకటేగా నాయనా."

"మా వాళ్ళు అలా అనరండి అత్తయ్యగారూ" అన్నాడు కామేశం.

అలా అంటూనే మనసులో లెక్క చూసుకున్నాడు. పోయినవి: రెండువందల నలభై గింజలు తక్కువగా నాలుగు సోలల బియ్యం, నాలుగు ఇడ్లీలు, వరుసలో నిలబడ్డ గంటలు, ముప్ఫై ఏళ్ళ పాటు ధాన్యం ముందు అనకుండా దాచుకున్న రెండు మాటలు. వచ్చినవి చూసుకుందామని వేలు మడవబోయాడు. ఆ వేలు కాస్తా పిల్ల పట్టుకుని, దానికి అంటిన పాయసం కోసం నోట్లో పెట్టుకుంది.

"లాభం" అన్నాడు కామేశం.

ఆ పైన లెక్కపెట్టలేదు.